పంచతీర సమాఖ్యవారి వీపు విధానం

నాల్గు దిక్కులందు నలుమోములలరంగ
వెన్ను చూపనట్టి విశ్వకర్త!
వెన్ను గలుగు మాకు వివరింపుమో తండ్రి
ఎటుల నిలుచుటొప్పు నెవరి యెదుట

నాలుగు ముఖాలతో నాలుగు దిక్కులనూ ఒక్కసారిగా చూస్తూ, వీపు అనే అవయవం తెచ్చే చిక్కులేవీ ఎరుగని చతుర్ముఖునికి మొదట నమస్కరిస్తున్నాను. ఒక్క ముఖంతో, ఒక్క వీపుతో పుట్టి, ఆ రెండింటినీ ఎటు తిప్పాలో తెలియక నానా అవస్థలు పడిన పంచతీర సమాఖ్యవారి కథ ఇది. వినేవారు సుఖంగా కూర్చుని వినండి. ఎటు తిరిగి కూర్చున్నా నాకు అభ్యంతరం లేదు.

పంచతీర సమాఖ్య అంటే సముద్రపుటొడ్డున ఆనుకుని ఉన్న అయిదు చిన్న రాజ్యాల కూటమి. నాలుగు రాజ్యాలు నేల మీద ఉన్నాయి. ఒక చివర బయలుదేరిన మనిషి తొందరపడకుండా నడిచినా మూడవనాటికి రెండవ చివరకు చేరతాడు. అయిదవ రాజ్యం గవ్వలదీవి. ఒడ్డుకు రెండు కోసుల దూరంలో, నీళ్ల నడుమ, నలభై గడపలతో ఉంది. అయిదింటికీ రాజధాని నడిపట్నం. దానికి తూర్పున రేవు. రేవుకు ఎగువన ఒక గుట్ట. గుట్ట మీద సమాఖ్య సభాభవనం. ఈ సమాఖ్యకు సైన్యం లేదు. యుద్ధనౌకలు లేవు. ఉన్నదల్లా విదేశాంగ విధానం. అది మాత్రం ఏడు సంపుటాలుగా అచ్చయి, ఎర్రని పట్టుగుడ్డలో కట్టి, నిత్యం ధూపదీపాలు అందుకుంటూ ఉండేది.

ఆ కాలంలో లోకంలో రెండు మహాశక్తులు ఉదయిస్తున్నాయని వార్త వచ్చింది. ఒకటి తూర్పున, ఒకటి పడమట. పడమట ఉదయించడం ప్రకృతి విరుద్ధం కదా అని ఒక సభ్యుడు సందేహం వెలిబుచ్చాడు. "ఉదయానికి దిక్కుతో నిమిత్తం లేదు, ప్రభావంతోనే నిమిత్తం" అని సభ తీర్మానించింది. ఆ సభ్యుణ్ణి మర్నాటి నుంచి సాంస్కృతిక శాఖకు మార్చారు.

కొన్నాళ్లకు ఆ రెండు దేశాల రాయబారులనూ సమాఖ్య విందుకు పిలిచింది. తూర్పువారిని తూర్పు గోడ దగ్గర, పడమటివారిని పడమటి గోడ దగ్గర కూర్చోబెట్టారు. సమాఖ్య అధ్యక్షులు గొర్లె జగన్నాయకులుగారు సాధువు, భోజనప్రియులు. ఆయన గంధపుమాల పట్టుకుని పడమటి రాయబారి వైపు నడిచిన క్షణంలో, వెనుక తూర్పు రాయబారి దిగ్గున లేచి, మాట్లాడకుండా వెళ్లిపోయాడు. అసలు సంగతి ఏమిటంటే, జీడిపాకం అచ్చు కొరకబోయి ఆయన దవడపన్ను విరిగింది. ఈ రహస్యం సమాఖ్యలో వంటవాడికి తప్ప మరెవరికీ తెలియదు. సభవారికి తెలిసినదొక్కటే: అధ్యక్షులు పడమటికి మొగం పెట్టారు, తూర్పువారు లేచిపోయారు.

దీనికి కారణం కనిపెట్టినవారు మహాకార్యదర్శి ఓగిరాల విశ్వపతిగారు. వారు కారణం కనిపెట్టలేని విషయం ఆ సమాఖ్యలో అంతవరకూ ఏదీ జరగలేదు.

"అధ్యక్షా!" అన్నారు వారు మర్నాటి అత్యవసర సమావేశంలో. "గర్భగుడిలో దర్శనం చేసుకున్న భక్తుడు బయటికి ఎట్లా వస్తాడు? స్వామికి వీపు చూపకుండా, చేతులు జోడించి, వెనకడుగులు వేసుకుంటూ వస్తాడు. ఇది మన తాతముత్తాతలనాటి మర్యాద. శిలావిగ్రహానికే ఇంత మర్యాద చేసే జాతి, సజీవంగా ఉదయిస్తున్న మహాశక్తికి వీపు చూపవచ్చునా? నిన్న తమరు చూపినది కేవలం వీపు కాదు. అది సమాఖ్య యొక్క సామూహిక పృష్ఠభాగం!"

జగన్నాయకులుగారు అప్రయత్నంగా తమ వీపును తడుముకున్నారు.

"మరి ఇప్పుడెలాగయ్యా?" అన్నారు దిగులుగా.

"పృష్ఠప్రదర్శన నిషేధ నియమావళి సిద్ధంగా ఉన్నది, చిత్తగించండి."

నియమావళి సారాంశం ఇంతే. సమాఖ్య పౌరులెవరూ, ఏ వేళలోనూ, ఉదయిస్తున్న ఏ మహాశక్తి దిక్కుకూ వీపు చూపరాదు. ఎదురెదురుగా రెండు సన్నిధులు ఉన్నచోట భక్తుడు పక్కగా ఒదిగి నిలబడినట్లే, పౌరులు ఉత్తరానికో దక్షిణానికో ముఖం పెట్టి నిలవాలి. తూర్పు పడమరలకు పోవలసినప్పుడు పక్క అడుగులు వేయాలి. తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. సభ్యులందరూ పక్క అడుగులతో బయటికి వెళ్లారు. ద్వారం దగ్గర ఇద్దరు మంత్రులు మొగం మొగం ఆన్చుకుని ఇరుక్కోవడం తప్ప మరే అపశ్రుతీ జరగలేదు.

సరిగ్గా ఆ రోజే గవ్వలదీవి ప్రతినిధి మైలపల్లి బంగారమ్మ పడవ దిగింది.

బంగారమ్మ చేపలమ్మే మనిషి. దీవిలో ఎవరూ సభకు రామంటే, మూడేళ్ల కిందట ఆమెనే సభ్యురాలిగా పంపారు. అదే ఏడాది ఉప్పెన వచ్చి దీవిలోని బావులన్నీ ఉప్పెక్కాయి. నాటి నుంచి నలభై గడపలవారూ ఆ ఉప్పునీళ్లే కాచి, వడగట్టి తాగుతున్నారు. పసిపిల్లలకు పెదవులు పగిలి, కడుపుల్లో నొప్పులు. ఆమె అడగ్గా అడగ్గా, తూర్పుదేశంవారు ఉప్పునీటిని మంచినీరు చేసే యంత్రం ఒకటి ఉచితంగా పంపారు. దాన్ని తెచ్చిన ఓడ రేవులో నిలిచి ఉంది. తొమ్మిదో రోజు సాయంత్రం ఆ ఓడ వెళ్లిపోతుంది. ఈలోగా సమాఖ్య అంగీకరించి దింపుకోకపోతే యంత్రం వేరే ఊరికి పోతుంది.

ఆమె రేవు నుంచి గుట్ట మీదికి, అలవాటు చొప్పున, తిన్నగా నడిచి వచ్చింది. ద్వారపాలకుడు గావుకేక పెట్టాడు.

"ఓలమ్మోయ్! ఆగెహె! తూరుపుకి ఈపెట్టీసి వచ్చెత్తన్నావేటే?"

"తూరుపునించి వొచ్చినోల్ల ఈపు తూరుపుకి కాక నీ యేపుంటాదేట్రా?" అంది బంగారమ్మ.

"రూలొచ్చిందే అత్తా. పక్కకి నడవాల."

"పీతనాగా?"

"మరే. పీతనాగే."

బంగారమ్మ కాసేపు వాడి మొగంలోకి చూసింది. వాడు నవ్వడం లేదు. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పక్క అడుగులు వేస్తూ మహాకార్యదర్శి గదిలోకి వెళ్లింది. వారు ఉత్తరాభిముఖులై కూర్చుని ఉన్నారు. ఆమె వారికి ఎదురుగా రావడానికి గదిని సగం చుట్టవలసి వచ్చింది.

"కారదర్శి బాబూ, దండాలండి. మిషను రేవులోకొచ్చీసింది. తవరు ఒక్క సంతకం ఎట్టించేత్తే దింపించుకు పోతాం. పిల్లలు నీల్లకి అల్లాడిపోతన్నారు బాబూ."

"అమ్మా, దాహార్తి పట్ల సమాఖ్యకు గల సానుభూతి మూడవ సంపుటంలో స్పష్టంగా ఉన్నది" అన్నారు విశ్వపతిగారు. "కానీ ఒక మౌలిక ప్రశ్న. ఆ యంత్రానికి వీపు ఎటువైపు?"

"ఏటి?"

"వీపు. దీవిలో దాన్ని ప్రతిష్ఠించినప్పుడు, దాని వీపు ఏ మహాశక్తి వైపు ఉంటుంది?"

"మిషనుకి ఈపేటి బాబూ!"

"ముఖం ఉన్న ప్రతి వస్తువుకూ వీపు ఉంటుందమ్మా."

"ముకం మాత్తరం ఎక్కడుంది? గొట్టాలున్నాయి, ఓ సిచ్చుంది."

"అదే కదా నా భయం" అన్నారు వారు గంభీరంగా. "ఏది ముఖమో తెలియని వస్తువు అత్యంత ప్రమాదకరం."

ఆ సాయంత్రమే యంత్ర పృష్ఠ నిర్ణాయక ఉపసంఘం ఏర్పాటయింది. అధ్యక్షుల సంతకం లేనిదే పూచికపుల్ల కూడా రేవులో దిగరాదని బంగారమ్మకు ఖండితంగా చెప్పారు. ఆమె నడిపట్నంలో చేపలబజారు దగ్గర పినతల్లి కూతురింట్లో మకాం పెట్టింది.

ఇక పట్నం సంగతి. నియమం పుట్టిన మూడు రోజుల్లోనే నడిపట్నం ఒక కొత్త తేజస్సుతో వెలిగిపోయింది. వీధుల్లో జనం పక్కపక్కకి జరుగుతూ పోతుంటే, దూరం నుంచి చూసేవారికి ఊరంతా కోలాటం ఆడుతున్నట్టుండేది. ఉపాధ్యాయులు నల్లబల్ల మీద రాయడం మానేశారు. రాస్తే పడమటికి వీపు. ఆంజనేయస్వామి గుడి అర్చకులు ఉత్తరపు గుమ్మంలో నిలబడి, భుజం మీదుగా హారతి ఇవ్వడం సాధన చేశారు. దర్జీలు చొక్కాలకు ముందూ వెనకా కూడా గుండీలు కుట్టి, ఏది వీపో న్యాయస్థానం కూడా తేల్చలేనట్టు చేశారు. ఇళ్లకు పెరటివైపు కూడా వీధి అరుగులూ ద్వారబంధాలూ పెట్టాలని ఉత్తర్వు వచ్చింది, ఇల్లు కూడా వీపు చూపరాదు కనుక. దాంతో ఎవరింటికి పోయినా చుట్టం ఏ గుమ్మంలో వస్తాడో తెలియక ఆడవాళ్లు రెండు చెంబుల నీళ్లు పెట్టుకుని ఇంటి నడుమ నిలబడేవారు.

పశువులకు మినహాయింపు కోరుతూ పాలవాళ్లు అర్జీ పెట్టారు. గేదె ఎటు నిలబడాలో గేదే నిర్ణయించుకుంటుందనీ, దానికి దౌత్యం నేర్పడం తమ వల్ల కాదనీ విన్నవించారు. విశ్వపతిగారు ఆ అర్జీని తిరస్కరిస్తూ, "పశుపృష్ఠం కూడా రాజ్యపృష్ఠంలో అంతర్భాగమే" అని ఎర్రసిరాతో రాశారు. మర్నాటి నుంచి ప్రతి గేదె వెనుకా ఒక మనిషి దుప్పటి పట్టుకుని నడిచాడు. వాడి వీపు సంగతి చూడడానికి వాడి వెనుక ఇంకొకడు.

ఎవరూ నవ్వలేదని నేను ప్రమాణం చేసి చెప్పలేను. కానీ నవ్వినవారు కూడా ఉత్తరానికి తిరిగే నవ్వారు.

అయిదో రోజున ఉపసంఘం నివేదిక ఇచ్చింది. నూట పది పుటలు చదివి వినిపించాక తేలినదేమంటే, స్విచ్చి ఉన్న వైపు ముఖమనీ, లేని వైపు వీపనీ. స్విచ్చి మాట బంగారమ్మ మొదటిరోజు అన్నదే అయినా, అప్పుడది అభిప్రాయం, ఇప్పుడది సిద్ధాంతం. కనుక యంత్రాన్ని వీపు దక్షిణానికి ఉండేట్టు నిలబెట్టవచ్చును. దక్షిణాన ఏ మహాశక్తీ లేదు.

"బతికించినారు బాబూ! మరి సంతకం?" అంది బంగారమ్మ, రెండు చేతులూ జోడించి.

"రేపు ఉదయం పది గంటలకు" అన్నారు జగన్నాయకులుగారు సంతోషంగా. ఆయనకు దీవి మీద నిజంగానే జాలి ఉంది. "నేనే స్వయంగా రేవుకొచ్చి సంతకం పెడతానమ్మా. వచ్చేటప్పుడు రెండు చందువ చేపలు కూడా చూసి ఉంచు."

మర్నాడు ఉదయం తొమ్మిదిన్నరకు దక్షిణాన ఒక మహాశక్తి ఉదయించింది.

ఎవరూ చెప్పాపెట్టకుండా జరిగిన ఉదయం అది. దక్షిణ దేశంవారు ప్రపంచంలోకెల్లా ఎత్తయిన గోపురం కట్టారని పత్రికలో పడింది. ఎత్తు చూసి విశ్వపతిగారికి చెమటలు పట్టాయి. సభ చేరింది.

"దక్షిణాన్ని గుర్తించక తప్పదు" అన్నారు వారు. "అయితే దక్షిణాన్ని గుర్తించి ఉత్తరాన్ని విస్మరించడం సమతుల్యతకు భంగం. కనుక ఉత్తరాన్ని కూడా ఉదయిస్తున్న మహాశక్తిగా ప్రకటించవలసి ఉన్నది."

"ఉత్తర దేశం దివాలా తీసిందని విన్నానే? పోయిన నెలలో వాళ్ల రైళ్లు కూడా ఆగిపోయాయట" అన్నారు జగన్నాయకులుగారు.

"అస్తమించిన వారే కదా అధ్యక్షా, మళ్లీ ఉదయించేది!"

ఈ తర్కం ముందు సభ తల వంచింది. నాలుగు దిక్కులా నాలుగు మహాశక్తులు. వీపు పెట్టడానికి లోకంలో చోటు లేకుండా పోయింది. సభ్యులు గోడ కోసం వెతుక్కున్నారు. గోడకు ఆనుకున్నా, ఆ గోడ వెనుక ఎవరో ఒకరున్నారు. ఒకరిద్దరు నిలబడిన చోటనే బొంగరంలా తిరగడం మొదలుపెట్టి, కళ్లు తిరిగి కూలబడ్డారు.

బంగారమ్మ సభ మధ్యలో కాగితం పట్టుకుని నిలబడింది. "బాబూ, పదయిపోయింది. సంతకం."

"తల్లీ, ఎట్లా పెట్టమంటావు? యంత్రం వీపు మళ్లీ నిరాశ్రయమయింది" అన్నారు జగన్నాయకులుగారు. ఆ గొంతులో అబద్ధం లేదు.

ఏడో రోజున పరిష్కారం దొరికింది. దాన్ని కూడా విశ్వపతిగారే ప్రసాదించారు.

"నాలుగు దిక్కులూ పోయినా రెండు దిక్కులు మిగిలి ఉన్నాయి. పైది, కిందది. పాలకడలిలో పరంధాముడు ఎట్లా ఉంటాడు? శయనించి ఉంటాడు! వీపు తల్పానికి, ముఖం లోకానికి. ఆయన ఎవరికైనా వీపు చూపాడని ఏ పురాణమైనా చెప్పిందా? ఇదే మన మార్గం. దీనికి శయన దౌత్యం అని పేరు పెడుతున్నాను."

కరతాళధ్వనులు మిన్నుముట్టాయి. సభ్యులందరూ సభాభవనం నేల మీద వెల్లకిలా పడుకున్నారు. వెంటనే ఒక చిక్కు వచ్చింది. కాళ్లు ఏ దిక్కుకు చాపినా ఆ దిక్కువారిని తన్నినట్టే. వీపుకన్నా పాదం పెద్ద అపరాధం. కనుక మోకాళ్లు గడ్డానికి ఆనేట్టు ముడుచుకుని, రెండు చేతులతో చుట్టి పట్టుకున్నారు. అట్లా ముప్పయిమంది పెద్దమనుషులు గుండ్రంగా, గుమ్మడికాయలు ఆరబోసినట్టు కనిపించారు.

ఎనిమిదో రోజున బంగారమ్మ వాళ్ల మధ్య నుంచి జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ అధ్యక్షుల దగ్గరికి వచ్చి, వంగి, కాగితం చూపింది. "అధ్యక్షులు బాబూ, యేలుముద్రయినా ఎట్టండి. రేపు సాయంత్రానికి ఓడ ఎలిపోద్ది."

"పెడతానమ్మా. కలం ఇలా ఇయ్యి." పడుకునే, కాగితాన్ని పైకెత్తి పట్టి, జగన్నాయకులుగారు రాయబోయారు. సిరా దిగలేదు. కలాన్ని విదిలించారు. సిరా వారి కంట్లో పడింది.

"కొంచెం లెగిసి రాయండి బాబూ. ఒక్క చిటికెలో అయిపోద్ది."

"లేస్తే నాలుగు దేశాలతో యుద్ధమమ్మా!" అన్నారు పక్కనుంచి విశ్వపతిగారు, మోకాళ్ల సందులోంచి.

"పోనీ సిరాలో యేలు ముంచి ఎట్టీయండి."

"వేలిముద్ర నిరక్షరాస్యులకు మాత్రమే. రెండవ సంపుటం."

ఆ మాట విని బంగారమ్మ మొదటిసారి కింద కూలబడింది. ఏడవలేదు. "కారదర్శి బాబూ" అంది మెల్లగా. "మా ముసిలమ్మ ఎర్రప్ప మనవరాలికి ఏడు నెలలు. పాలు సాలక గంజి పోత్తన్నారు. ఉప్పుగంజి. ఆ గుంటకి ఏ మహాసక్తి ఎటుందో నానేటి సెప్పేది?"

జగన్నాయకులుగారు సిరా పడిన కన్ను తుడుచుకున్నారు. ఆ తరవాత సిరా పడని కన్ను కూడా తుడుచుకున్నారు. ఆయన లేవబోయారు, మోచేతి మీద సగం దాకా లేచారు కూడా. కానీ సరిగ్గా అప్పుడే విశ్వపతిగారు "ఆగండి!" అని కేక వేశారు. ఆయన మళ్లీ పడుకుండిపోయారు. పాతికేళ్లుగా ఆ గొంతుకు లోబడి ఉన్న శరీరం అది.

"భూమి గుండ్రముగా ఉన్నది!" అన్నారు విశ్వపతిగారు, పాలిపోయిన ముఖంతో.

"అయితే?"

"మన వీపులు కిందికి చూస్తున్నాయి. కింద నేల. నేల కింద పాతాళం. దాని కింద? భూమికి ఆవలి వైపు! అక్కడ ఒక దేశమున్నది. అది ఈపాటికి ఉదయిస్తూ ఉండదని ఎవరు హామీ ఇవ్వగలరు? నిన్నటి నుంచి ముప్పయి వీపులు ఏకధాటిగా వాళ్లకే చూపుతున్నాం!"

హాహాకారాలు చెలరేగాయి. బోర్లా తిరగబోయినవారు, అప్పుడు ఆకాశానికి వీపు అవుతుందని గుర్తొచ్చి, సగంలో ఆగిపోయారు. ఆ రాత్రంతా ఎవరికీ కంటిమీద కునుకు లేదట. తెల్లవారాక మహాకార్యదర్శి ముఖంలో ప్రశాంతత కనిపించింది.

"వీపు ఉన్నంతకాలం ఎవరికో ఒకరికి చూపక తప్పదు. కనుక ఇకపై చూపడం నిషేధం కాదు; నిలపడం నిషేధం. వీపును ఎవరి వైపూ ఒక్క క్షణానికి మించి ఉంచరాదు. అందరికీ సమానంగా, వంతులవారీగా పంచాలి. దీనికి మనకు సనాతనమైన సాధనమే ఉన్నది." వారు కళ్లు మూసుకున్నారు. "పొర్లుదండాలు."

తొమ్మిదో రోజు ఉదయం పంచతీర సమాఖ్య సర్వసభ్య సమావేశం పొర్లడం ప్రారంభించింది.

మొదట సభాభవనంలో, స్తంభాల చుట్టూ, చక్కని క్రమశిక్షణతో పొర్లారు. గోవిందనామం చెప్పుకున్నారు. అయితే మోకాళ్లు ముడుచుకుని గుండ్రంగా ఉన్న మనిషికీ, గుట్ట మీద కట్టిన భవనానికీ, తెరిచి ఉన్న తూర్పు ద్వారానికీ మధ్య ఒక సహజ సంబంధం ఉంది. ముందుగా వ్యవసాయ మంత్రి గడప దాటారు. ఆయన వెనుక ఆర్థిక శాఖ, విద్యా శాఖ, సాంస్కృతిక శాఖ. అందరి వెనుక అధ్యక్షులూ, మహాకార్యదర్శీ. సమాఖ్య ప్రభుత్వమంతా దొర్లుకుంటూ, గుట్ట దిగి, చేపలబజారు మీదుగా, బుట్టలు తప్పించుకుంటూ రేవు వైపు సాగిపోయింది. "నిలపకండి! ఎవరి వైపూ నిలపకండి!" అన్న విశ్వపతిగారి ఆజ్ఞ, వారు తిరిగినప్పుడల్లా ఒకసారి నేలలోకీ ఒకసారి ఆకాశంలోకీ వినిపిస్తూ ఉంది. చేపలమ్మే ఆడవాళ్లు లేచి నిలబడి, పవిత్రకార్యమనుకుని, పసుపునీళ్లు చల్లారు.

అదే సమయంలో బంగారమ్మ రేవులో, ఓడ దగ్గర నిలబడి ఉంది. ఇంకొక్క రోజు ఆగమని బతిమాలుకోవడానికి వచ్చింది. యంత్రంతో వచ్చిన తూర్పుదేశపు ఇంజనీరు, ఒరానా అనే నడివయసు మనిషి, చెక్కపెట్టె మీద కూర్చుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. రేవుల్లో పనిచేసి పనిచేసి తెలుగు నేర్చుకున్నవాడు.

"అమ్మా, వాళ్లెవరు? ఏమైంది వాళ్లకు?" అన్నాడు లేచి, గుట్ట వైపు చూస్తూ.

"మా సర్కారోల్లు బాబూ. మీకు మర్యాద సేత్తన్నారు."

"మాకా?"

"మీకు ఈపు సూపెడితే కోపమొత్తాదంట కదా. మీ రాయబారి ఆ కోపానే భోజనాల కాడ నుంచి లెగిసెలిపోనాడంట కదా."

ఇంజనీరు చేతికంటిన తొక్కలు దులుపుకున్నాడు. "ఆయనకు పన్ను విరిగింది. ఓడలో నేనే లవంగనూనె ఇచ్చాను" అన్నాడు. "వీపు సంగతి నాకు తెలియదమ్మా. మావాళ్లకు కోపం రావాలంటే, ముందు ఇటు చూడాలి కదా. మా పటంలో మీ అయిదు రాజ్యాల పేర్లు రాయడానికి చోటు చాలలేదు. ఒక చుక్క పెట్టారు."

బంగారమ్మకు నవ్వు వచ్చింది. ఆపుకోలేకపోయింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. తరవాత, "బాబూ, ఒక్క రోజు ఆగండి. సంతకం తెత్తాను" అంది.

"ఎవరి సంతకం?"

"మా అధ్యక్షులుది."

ఇంజనీరు జేబులోంచి కాగితం తీసి చదివాడు. "ఇందులో అట్లా లేదే. సమాఖ్య సభ్యులలో ఎవరో ఒకరు అందుకుంటే చాలునని ఉంది."

"సబ్యులంటే?"

"సభలో ఉండేవాళ్లు."

"నానూ సబ్యురాల్నే బాబూ. మూడేల్లనుంచి."

"మరి ఈ తొమ్మిది రోజులూ ఎక్కడున్నారమ్మా? నేను రోజూ దారి చూస్తున్నాను. మనుషులు వస్తున్నారు, పక్కకు జరుగుతున్నారు, పోతున్నారు!"

"మీ దేసానికి ఈపు సూపకండా నిలబడ్డాను బాబూ" అంది బంగారమ్మ. "ఎక్కడెట్టమంటావు సంతకం?"

చుట్టూ తడి తాళ్లు, తడి ఇసుక. కాగితం పెట్టడానికి పొడి చోటు లేదు. ఇంజనీరు అటూ ఇటూ చూసి, ఏమీ ఆలోచించకుండా, ఆమె ముందు అటు తిరిగి, కొంచెం వంగాడు. "నా వీపు మీద పెట్టుకోండి" అన్నాడు.

ఉదయిస్తున్న మహాశక్తి ప్రతినిధి, తన వీపును, నలభై గడపల గవ్వలదీవికి చూపించాడు. దాని మీద కాగితం పరిచి, నాలుక కొసను పంటి కింద పెట్టుకుని, బంగారమ్మ తన పేరు మొత్తం, ఇంటిపేరుతో సహా, గుండ్రటి అక్షరాలతో రాసింది.

సరిగ్గా ఆ క్షణానికి సమాఖ్య ప్రభుత్వం ఒక్కొక్క శాఖగా వచ్చి రేవు ఇసుకలో ఆగింది. విశ్వపతిగారు తలకిందులుగా ఉన్న స్థితిలో ఆ దృశ్యాన్ని చూశారు.

"మహాశక్తి... మనకు... వీపు చూపుతోంది" అన్నారు. "దీని అంతరార్థం పరిశీలించడానికి ఒక ఉపసంఘం..."

"ముందు ఆ పెట్టె దింపడానికి నలుగురు మనుషుల్ని పిలవవయ్యా" అన్నారు జగన్నాయకులుగారు. ఆయన లేచి, కాళ్లు చాపి, ఇసుక దులుపుకుంటున్నారు. ఒంటి నిండా పసుపు, ఒక కన్ను నీలం. పాతికేళ్లలో మొదటిసారి ఆయన గొంతు మహాకార్యదర్శి గొంతుకన్నా పైకి వినిపించింది. ఎవరూ రాకపోయేసరికి తానే పంచె ఎగగట్టి, పెట్టెకు ఒక మూల భుజం పట్టారు.

మర్నాటి మధ్యాహ్నానికి యంత్రం గవ్వలదీవిలో నిలబడింది. గాలివాటాన్నిబట్టీ, గొట్టాల పొడవునుబట్టీ ఇంజనీరు దాన్ని ఎటో ఒకవైపు తిప్పి బిగించాడు. ఎటు తిప్పాడో ఎవరూ చూడలేదు. అందరూ గొట్టం చివరనే చూస్తున్నారు. అది రెండుసార్లు దగ్గి, తుప్పునీళ్లు కక్కి, కాసేపటికి తేటగా, సన్నగా, ఆగకుండా పోయసాగింది.

మొదటి చెంబు బంగారమ్మ పట్టి ఎర్రప్పకు ఇచ్చింది. ఎర్రప్ప దీవిలో అందరికన్నా ముసలిది. ఒక గుక్క తాగి, మొగం చిట్లించింది. ఇంకో గుక్క తాగింది. చుట్టూ నలభై గడపలవారూ ఇంకాస్త దగ్గరికి జరిగారు.

"ఏటే ఇది?" అంది ఎర్రప్ప. "సప్పగుంది!"

"మంచినీల్లు అలగే ఉంటాయే అప్పా. మరిసిపోనావేటి?"

ఎర్రప్ప చెంబులోకి చూసింది. తరవాత ఇంట్లోకి వెళ్లి, ఆ నీళ్లతో పొయ్యి మీద గంజి పెట్టింది. మనవరాలిని ఒళ్లో వేసుకుని, వేలు ముంచి రుచి చూసింది. మూడేళ్లుగా ఆ దీవిలో ఎండుచేపలకు తప్ప వంటకు ఎవరూ ఉప్పు ముట్టలేదు. ఆ అవసరమే రాలేదు. గుమ్మంలో నిలబడ్డ బంగారమ్మను కేకేసి, "ఓలే బంగారీ" అంది, నవ్వుతోనో ఏడుపుతోనో తెలియని గొంతుతో, "సేపల కుండలోంచి ఓ సిటికెడు ఉప్పట్రాయే. గుంట గంజిలో ఏసుకోవాల."

ఈ కథ చదివినవారికీ, విన్నవారికీ, వింటూ నిద్రపోయినవారికీ శుభమగుగాక. వారి బావులు తియ్యగా ఊరుగాక. వారి పిల్లల గంజిలో ఉప్పు వారి చేతితోనే, వారికి తోచినంతే పడుగాక. వారు నిలిచిన చోట పరమేశ్వరుడు అన్ని వైపులా ఉండి, ఎటు తిరిగినా వారినే చూచుచుండుగాక.